నిజనిర్ధారణకు వెళ్తున్న అమ్మాయికి

గుంటూరు, బ్రాడీపేట

అమ్మాయ్,

సైన్యం కాల్పుల్లో పోయినవాళ్ల సంగతి తేల్చే నిజనిర్ధారణ బృందంతో ఈశాన్యానికి వెళ్తున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. నేనైనా వద్దంటానని ఆయన ఆశ. వద్దనను గానీ, కొన్ని మాటలు విను.

ఊళ్లో దిగగానే జనం మూగుతారు, అందరూ ఒకేసారి చెప్తారు. దణ్ణం పెట్టి ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టు. కళ్లారా చూసింది ఒక పేజీలో, ఎవరో చెబితే విన్నది ఇంకో పేజీలో రాసుకో. చనిపోయినవారి బంధువును దుబాసీగా పెట్టుకోకు. పాపం, తన దుఃఖాన్నీ కలిపి చెప్తాడు. బెజవాడ కోర్టులో అలవాటైన అడ్డప్రశ్నలు అక్కడ పనికిరావు. "తర్వాత?" అని ఊరుకో.

నన్నడిగితే అసలు పని వస్తువుల దగ్గరే. 2021 డిసెంబర్ 4న నాగాలాండ్‌లోని ఓటింగ్ అనే ఊరి దగ్గర, బొగ్గు గని నుంచి ఇళ్లకెళ్తున్న కూలీల బండి మీద సైన్యం కాల్చింది. ఆరుగురు పోయారు. ఆపమంటే ఆగలేదని హోంమంత్రి పార్లమెంటులో అన్నారు. అసలు ఆపమననే లేదని బతికి బయటపడ్డవాళ్లు అన్నారు. ఇలా మాటకు మాట ఎదురైనచోట బండిని చూడాలి. రేకు లోపలికి వంగిందా, బయటికా? తూటా ఎటునుంచి దూరిందో తెలుస్తుంది. పక్కన స్కేలు పెట్టి ఫోటో తియ్యి. దేన్నీ ముట్టుకోకు, తూటా తొడుగు దొరికినా సరే.

ఇంకోటి. 2000లో కశ్మీర్‌లోని పత్రిబల్‌లో సైన్యం ఐదుగురిని చంపి విదేశీ ఉగ్రవాదులంది. పోయినవాళ్లెవరో తేల్చడానికి బంధువుల రక్త నమూనాలు మన హైదరాబాద్ డీఎన్ఏ కేంద్రానికొచ్చాయి. ఆడవాళ్ల పేరుతో పంపినవాటిలో మగవాళ్ల రక్తం! మళ్లీ నమూనాలు తీశాక, 2002లో గానీ వాళ్లు స్థానికులని తేలలేదు. అందుకని ఎవరు తీశారు, ఎవరు సీలేశారు, ఎవరి చేతికిచ్చారు అన్నది తేదీ, వేళతో సహా కనుక్కో.

సైన్యాన్నీ రాతపూర్వకంగా అడుగు. జవాబొస్తే ఒక్క ముక్క కొయ్యకుండా నివేదికలో వెయ్యి, రాకపోతే రాలేదని రాయి. కుర్రాళ్లు మొదటి పేజీలోనే "హత్య" అనేస్తారు, ఆధారాలు చూపించేదాకా నువ్వు ఆ మాట వాడకు.

"శిక్ష పడుతుందా?" అని ఇంటివాళ్లు అడుగుతారు. మాటివ్వకు. ఓటింగ్ కేసులో రాష్ట్ర పోలీసుల ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) 30 మంది సైనికుల మీద ఛార్జిషీటు వేసింది. సైనిక బలగాల ప్రత్యేకాధికారాల చట్టం 6వ సెక్షన్ ప్రకారం వాళ్లను విచారించాలంటే కేంద్రం అనుమతి కావాలి, ఇవ్వలేదు. 2024లో సుప్రీంకోర్టు ఆ కేసు మూసేసింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ కూడా సైన్యం విషయంలో కేంద్రాన్ని నివేదిక అడిగి సిఫార్సు చేయగలదు, అంతే.

అయినా రాసిన కాగితం ఊరికే పోదు. మణిపూర్‌లో బాధిత కుటుంబాలు, హక్కుల కార్యకర్తలు కలిసి సైన్యం, పోలీసుల చేతుల్లో జరిగాయన్న 1,528 మరణాల జాబితాతో సుప్రీంకోర్టుకెళ్లారు. కోర్టు వేసిన జస్టిస్ సంతోష్ హెగ్డే కమిషన్ 2013లో ఆరు కేసులు చూసింది. ఆరింటిలో ఒక్కటీ నిజమైన ఎదురుకాల్పులు కాదంది.

సాక్షుల పేర్లు ఫోన్‌లో పెట్టుకోకు. ఆదివారం ఇంటికి రా. అనుమానాస్పద మరణాల దర్యాప్తుపై ఐక్యరాజ్యసమితి తెచ్చిన మిన్నెసోటా ప్రోటోకాల్ ప్రతి తీసిపెట్టాను. 2016లో సవరించినదే చదువు, పాతది కాదు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న