సంతకం పెట్టేముందు ఆ కాగితం నాకు చూపించు

పర్లాకిమిడి

చిన్నా,

నువ్వు రెండో లారీ తీస్తున్నావని, గుణుపురం నుంచి విశాఖకు ఏడాది పాటు ఒకే కిరాయికి తోలడానికి మాట ఇచ్చావని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. ఫోను పెట్టేసి మీ పెదనాన్న ఫోటో దగ్గరకెళ్ళి, మన చిన్నోడు రెండో బండి కొంటున్నాడని చెప్పాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. "ఒకే కిరాయి" అన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది. టీవీ పెడితే అందులో మళ్ళీ హార్ముజ్ పేరు, గల్ఫ్ నూనె ఓడలు దాటే ఆ ఇరుకు సముద్రపు దారి. అక్కడ గొడవైతే ఇక్కడ డీజిల్ పెరుగుతుంది, నీ కిరాయి పెరగదు.

టైర్లు చూసుకో, ఇన్సూరెన్సు తేదీ దాటనివ్వకు, డ్రైవరు బత్తా ఏ రోజుది ఆ రోజే ఇచ్చెయ్. ఆంధ్రాలో కంటే మన ఒడిశా వైపు డీజిల్ చవక కాబట్టి ట్యాంకు ఇక్కడే నింపించు. ఇవన్నీ నీకు తెలిసినవే. నీకు తెలియంది ఒకటుంది. ఇన్నాళ్ళూ మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు.

1990 జూలైలో మా సెకండ్ హ్యాండ్ లారీకి ఒక కాంట్రాక్టరు పని ఇచ్చాడు. విశాఖ నుంచి సిమెంటు తేవాలి, ఏడాది పాటు ట్రిప్పుకు ఇంత అని ఒకటే రేటు. ఎగ్రిమెంటు ఒడియాలో ఉంది. మీ పెదనాన్నది పాతపట్నం, ఆయనకు ఒడియా అక్షరం రాదు. నేను ఇక్కడి బడిలో చదివినదాన్ని. నేనే చదివాను. "ఏ కారణం చేతనైనా కిరాయి పెంచబడదు" అన్న వరుస కూడా నా కళ్ళతోనే చదివాను. ఏడాది పొడుగునా పని దొరికిందన్న సంబరంలో ఆ వరుసను ఆయనకు చెప్పకుండా దాటేశాను. "అంతా బాగానే ఉంది, పెట్టండి" అన్నాను. ఆయన నా మాట మీద సంతకం పెట్టారు.

ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. అక్కడ పనికెళ్ళిన మనవాళ్ళు అమ్మాన్ వరకూ వచ్చి, అక్కడి నుంచి విమానాల్లో ఇళ్ళకు చేరారు. ఆ ఊసులు వింటూ కూడా నాకు మా లారీ గుర్తుకు రాలేదు. ఆ రోజుల్లో డీజిల్ ధర ఢిల్లీలో సర్కారే నిర్ణయించేది. రెండు నెలలు బంకులో ధర కదల్లేదు. "కువైట్ ఎక్కడ, మనం ఎక్కడ" అని ఆయనతో అన్నది కూడా నేనే. అక్టోబరులో గల్ఫ్ సర్‌ఛార్జీ అని ధర మీద అదనంగా వడ్డించారు, రూపాయికి పావలా లెక్కన. కాంట్రాక్టరు దగ్గరకు పరుగెత్తాం. అతను కాగితం తెరిచి ఆ వరుస మీద వేలు పెట్టాడు. ఒడియాలో చదివి, తెలుగులో కూడా అర్థం చెప్పాడు. మీ పెదనాన్న నా వైపు చూశారు. ఆ చూపు ఇప్పటికీ నా ముందే ఉంది.

మానేస్తే డిపాజిట్టు పోతుంది, పైగా జరిమానా. అందుకని నష్టానికే తోలాం. ట్రిప్పు ట్రిప్పుకీ ఖాతా పుస్తకంలో నేనే రాసేదాన్ని, ఎంత వచ్చింది, ఎంత పోయింది అని. ఫిబ్రవరిలో గాజులు రెండూ కుదువ పెట్టాం. ఆ 1991 జూలైలోనే పేపర్లో చదివాను, విదేశీ డబ్బు నిండుకుని మన దేశం కూడా దాదాపు 47 టన్నుల బంగారాన్ని ఇంగ్లండు, జపాను బ్యాంకులకు తాకట్టు పెట్టిందని. ఆ పేపరు మీ పెదనాన్నకు వినిపించాను. వారం రోజులుగా లారీలోనే పడుకుంటున్న మనిషి ఆ రాత్రి ఇంట్లోకి వచ్చి అన్నం తిన్నారు. గాజు ఒకటే విడిపించుకోగలిగాం. నా ఎడమ చేతికి ఏమీ లేదేమిటని చిన్నప్పుడు నువ్వు అడిగేవాడివి, గుర్తుందా?

అప్పుడు హార్ముజ్ మూతపడలేదురా. కువైట్, ఇరాక్‌ల నూనె ఆగింది, అంతే. అంతకుముందు 1984 నుంచి 1988 దాకా ఇరాన్, ఇరాక్ ఒకరి నూనె ఓడల మీద ఒకరు దాడులు చేసుకున్నా దారి మూసుకుపోలేదు. ధర పెరగడానికి దారి మూతపడేదాకా అక్కర్లేదు. ఓడకు యుద్ధ బీమా పెరిగినా, రేపు ఏమవుతుందోనని కొనేవాళ్ళు బెదిరినా చాలు. ఆ జలసంధి మరీ ఇరుకైన చోట 33 కిలోమీటర్లే. 2024లో రోజుకు సుమారు 2 కోట్ల పీపాల నూనె అందులోంచే వెళ్ళింది, ప్రపంచం వాడేదాంట్లో అయిదో వంతు. మన దేశం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి నుంచి కొంటున్నదే. మీ అమ్మ పొయ్యి మీది గ్యాసులో కూడా సగానికి పైగా బయటిదే, అందులో ఎక్కువ భాగం ఆ దారినే రావాలి.

బంకులో ధర వెంటనే కదలదు కదా అని నువ్వు అంటావు. నా భయమంతా అక్కడే. 2017 జూన్ నుంచి ధర రోజూ మారాలన్నది నియమం. అయినా 2021 నవంబరు నుంచి 2022 మార్చి 22 దాకా, యుక్రెయిన్ యుద్ధం మొదలై ముడి చమురు మండిపోతున్నా, మన దగ్గర నాలుగున్నర నెలలు ధర కదల్లేదు. ఆ మధ్యలోనే ఎన్నికలు. తర్వాత 16 రోజుల్లో 14 సార్లు పెంచి లీటరు మీద 10 రూపాయలు వేశారు. మే నెలలో సుంకం తగ్గించి డీజిల్ మీద 6 రూపాయలు ఊరట ఇచ్చారు, నిజమే. కానీ ఆ రెండు నెలల నష్టం లారీ వాళ్ళ మీదే పడింది. పోనీ, రేపు తగ్గినప్పుడు పూడ్చుకుంటానంటావా? 2020లో ముడి చమురు పాతాళానికి పడితే, ఆ మే నెలలో డీజిల్ మీద 13 రూపాయల సుంకం వేసి ఆ తగ్గుదలను సర్కారే తీసుకుంది.

విశాఖలో కొండ కింద గుహల్లో నూనె దాచారని పోయినసారి నువ్వే చెప్పావు. విశాఖ, మంగళూరు, పాదూరు మూడూ నిండుగా ఉంటే 53 లక్షల టన్నులు, దేశానికి తొమ్మిదిన్నర రోజులకు వస్తుంది. నీ ఒప్పందం ఏడాదికిరా నాన్నా.

లెక్క వేసుకో. రానూపోనూ 400 కిలోమీటర్లు, లీటరుకు 4 కిలోమీటర్లు, అంటే ట్రిప్పుకు 100 లీటర్లు. లీటరు మీద 10 రూపాయలు పెరిగితే ట్రిప్పుకు 1,000. నెలకు 12 ట్రిప్పులు తోలితే 12,000. ఫైనాన్సు వాయిదా కట్టేటప్పుడు ఈ డబ్బు ఎక్కడి నుంచి తెస్తావు?

అందుకని కాగితంలో ఈ ముక్క చేర్చమను. సంతకం రోజున గుణుపురం బంకులో డీజిల్ లీటరు ఎంతో తేదీతో సహా రాయాలి. ఆపైన రూపాయి పెరిగిన ప్రతిసారీ ట్రిప్పు కిరాయి 100 పెరగాలి, తగ్గితే 100 తగ్గాలి. తగ్గేదీ రాయించు, అప్పుడే అవతలివాడు ఒప్పుకుంటాడు. ఒప్పుకోకపోతే ఏడాది వద్దు, మూడు నెలలకు రాయమను. దానికీ కాదంటే లేచి వచ్చెయ్. పని పోతుందని భయపడకు. మొండివాడివి, నాకు తెలుసు, కానీ ఈ ఒక్క విషయంలో పెద్దమ్మ మాట విను. ఆరేళ్ళప్పుడు లారీ దిగనని స్టీరింగు పట్టుకుని ఏడ్చిన పిల్లాడివి. ఆ పిల్లాడు ఇవాళ సొంతంగా రెండో బండి తీస్తున్నాడంటే నాకెంత గర్వమో ఉత్తరంలో రాయలేను.

ఆదివారం రా. ఎగ్రిమెంటు తీసుకురా, జెరాక్సు కాదు, అసలు కాగితమే. కళ్ళద్దాలు కొత్తవి చేయించాను. ప్రతి వరుసా పైకి చదువుతాను, నువ్వు పక్కన కూర్చుని విను. నేను చదవడం పూర్తయ్యేదాకా కలం జేబులోంచి తియ్యకు.

మీ పెద్దమ్మ