కొండ అంచు నుంచి దూకుతున్న కొడుకు: ఒట్టు వేయించుకోవాలా?

ప్రశ్న: మాది కావలి. మా అబ్బాయికి 29 ఏళ్లు, జ్యూరిచ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కోడలిది ఒంగోలు, ఇప్పుడు ఐదో నెల. వాడికి విమానంలోంచి పారాచూట్‌తో దూకే సరదా ఉందని మాకు తెలుసు, 200 సార్లకు పైగా దూకాడట. నిరుడు ఎండాకాలం నుంచి లౌటర్‌బ్రున్నెన్ అనే లోయలో కొండ అంచుల మీద నుంచి కూడా దూకుతున్నాడని కోడలు ఈ మధ్య ఏడుస్తూ చెప్పింది. ఇప్పటికి ఇరవైసార్లు అయిందట. ఇక రెక్కల సూట్ కొంటానంటున్నాడట. మా ఆయనకు స్టెంట్ వేశారు, ఆయనకి ఈ సంగతి తెలియదు. నేను అన్నం మానేసి కూర్చుంటే వాడు వింటాడా? నా మీద ఒట్టు వేయించుకోనా? ఇది వ్యసనమా? సీమంతానికి రెండు నెలల్లో వస్తున్నాడు. (ఒక తల్లి)

జవాబు: అమ్మా, ఒట్టు వేయించుకోవద్దు. అన్నం మానేయడమూ వద్దు. తల్లి కన్నీళ్లకు కరిగి ఒట్టేసిన కొడుకు కొన్నాళ్లు ఆగుతాడు, తర్వాత చెప్పకుండా వెళ్తాడు. ఈ ఆటలో చెప్పకుండా వెళ్లడం చాలా చెడ్డది. ఏ అంచు ఎక్కాడో, ఎన్నింటికి కిందికి రావాలో ఇంట్లో ఒక్కరికీ తెలియకపోతే, కాలు విరిగి కొండ నడుమ ఏ రాతి అరుగు మీదో పడి ఉన్నవాడి కోసం వెతకడం మొదలయ్యేసరికే చీకటి పడుతుంది. ఆపమని అడగండి, తప్పకుండా అడగండి, అది మీ హక్కు. కానీ అదేమిటో తెలుసుకుని అడగండి. ‘ఆ పిచ్చి దూకుళ్లు’ అంటే వాడు ఫోన్ పెట్టేస్తాడు. ‘గాలి ఎట్టా ఉండింది నాయనా’ అంటే జవాబు చెప్తాడు.

దీన్ని బేస్ జంప్ అంటారు. భవనం, యాంటెనా టవర్, వంతెన, కొండ, ఈ నాలుగింటికీ ఇంగ్లీషులో వాడే మాటల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరు. 200 సార్లు విమానంలోంచి దూకాను, నాకిదేం లెక్క అని మీ అబ్బాయి అంటే అందులో సగమే నిజం. విమానం వాళ్లను సుమారు 4,000 మీటర్ల ఎత్తులో వదులుతుంది. వీపున రెండు పారాచూట్లు ఉంటాయి. మొదటిది సరిగా తెరుచుకోకపోతే దాన్ని వదిలించుకుని రెండోది తెరిచే వ్యవధి ఉంటుంది. మనిషి స్పృహ తప్పినా రెండోదాన్ని తనంతట తానే తెరిచే పరికరం ఉంటుంది.

లౌటర్‌బ్రున్నెన్‌లో ఇవేవీ లేవు. లోయకు అటూ ఇటూ గోడల్లా నిలువుగా లేచిన కొండలు అవి. అక్కడి స్టౌబ్‌బాఖ్ జలపాతం ఎత్తు 297 మీటర్లు. అంత ఎత్తు నుంచి ఏమీ తెరవకుండా పడితే నేల తగలడానికి పట్టేది దాదాపు 9 సెకన్లు. 3 సెకన్లకు 40 మీటర్లు దిగి, వేగం గంటకు 100 కిలోమీటర్లకు దగ్గరవుతుంది. 6 సెకన్లకు సగం ఎత్తు అయిపోతుంది, వేగం 150 దాటుతుంది. మిగిలిన సగానికి 3 సెకన్లే. అందుకే వాళ్లు ఒక్క పారాచూటే కట్టుకుంటారు, రెండోది ఉన్నా తెరిచే సమయం ఉండదు కనుక. ఆ ఒక్క పారాచూట్‌ను సంచిలోంచి లాగడానికి ముందు చేత్తో ఒక చిన్న పారాచూట్‌ను గాలిలోకి విసురుతారు. దాన్ని పైలట్ చూట్ అంటారు. సాధారణంగా 38 నుంచి 48 అంగుళాల వెడల్పు ఉంటుంది. తక్కువసేపు పడి తెరవాలంటే పెద్దది కావాలి, ఎందుకంటే వేగం పుంజుకోకముందు గాలికి లాగే బలం తక్కువ. ఏ అంచుకు ఏ సైజో తేల్చుకోవడం, మడతలో అటూ ఇటూ సమానంగా ఉండేలా పారాచూట్ సర్దుకోవడం, గంట సేపు పట్టే ఆ ఓపికైన పని మీదే 9 సెకన్లూ ఆధారపడి ఉంటాయి.

పారాచూట్ తెరుచుకోకే ప్రాణాలు పోతాయని మీరు అనుకుంటూ ఉంటారు. కొండ దగ్గర అంతకంటే భయపెట్టేది వేరే ఉంది. పారాచూట్ చక్కగా తెరుచుకుంటుంది, కానీ కొండ వైపు తిరిగి తెరుచుకుంటుంది. తెరిచే క్షణంలో ఒక భుజం కాస్త వంగినా, మడతలో ఒక పక్క బిగుసుకున్నా, పక్కగాలి తోసినా అది జరగవచ్చు. అప్పుడు పారాచూట్‌ను తిప్పే బ్రేకు తాళ్లు విప్పుకునే తీరిక కూడా ఉండదు. భుజాల వెనక పట్టీలను వెంటనే లాగి కొండ నుంచి పక్కకు తిప్పుకోవాలి. ఆలస్యమైతే రాయికి గుద్దుకుంటాడు, గుద్దుకున్నాక పారాచూట్ ముడుచుకుపోతే కింద పడతాడు. ఆకాశంలో గోడ ఉండదు. అందుకే విమానంలోంచి 200 సార్లు దూకినా ఈ ఒక్క పాఠం రాదు.

ఇప్పుడు లెక్కలు. నార్వేలో కెరాగ్ అనే సుమారు వెయ్యి మీటర్ల కొండ మీద 1995 నుంచి 2005 వరకు జరిగిన 20,850 దూకుళ్లను వైద్యులు పరిశీలించారు. తొమ్మిది మంది చనిపోయారు. అంటే 2,317 దూకుళ్లకు ఒక ప్రాణం, 254 దూకుళ్లకు ఒక ప్రమాదం. అమెరికాలో 2023లో విమానాల నుంచి దూకిన 36.5 లక్షల దూకుళ్లలో పోయింది 10 మంది. మీ అబ్బాయి ఇంజనీరు కదా, ఒక్క దూకుడు లెక్క చూసి ‘2,317లో ఒకటే కదా’ అనగలడు. ఏడాదికి 50 సార్లు దూకేవాడికి అదే లెక్కన ఆ ఒక్క ఏడాదిలో 46లో ఒక వంతు అవుతుంది. మరో 10 ఏళ్లు దూకితే ఎంతో వాడినే లెక్క వేయమనండి. పైగా కెరాగ్ చాలా ఎత్తైన కొండ, తప్పు దిద్దుకునే వ్యవధి అక్కడ ఎక్కువ.

ఇంత తెలిసీ ఎందుకు దూకుతారు? ఈ ప్రశ్నను మీరు కోపంతో కాకుండా నిజంగా అడగాలి. అంచున నిలబడ్డవాడికి ఆఫీసు, అప్పు, రాత్రి గొడవ ఏదీ గుర్తుండదు. మనసు మొత్తం ఒక్క పని మీద నిలుస్తుంది. రోజంతా తెర ముందు కూర్చుని పదిమంది పిలుపులకు ముక్కలైపోయే మనిషికి అది ఎంత తీపో ఊహించండి. భయం పోదు, భయం ఉండగానే చేతులు చెప్పినట్టు వినడంలో ఒక గర్వం ఉంటుంది. పరాయి దేశంలో ప్రాణానికి ప్రాణంగా చూసుకునే జట్టు దొరుకుతుంది. దీన్ని వ్యసనమని తొందరపడి అనకండి. అయితే 68 మంది బేస్ జంపర్లను ప్రశ్నించిన ఒక అధ్యయనంలో 72 శాతం మంది తోటివారు చనిపోవడమో తీవ్రంగా గాయపడటమో కళ్లారా చూశామన్నారు, 76 శాతం మంది వెంట్రుకవాసిలో తప్పించుకున్నామన్నారు. తోటివాడు పోయిన మర్నాడే మళ్లీ అంచుకు వెళ్లడం, ఖర్చు గురించి భార్యకు అబద్ధాలు చెప్పడం, వానొచ్చి వారాంతం పాడైతే ఇంట్లో ఎవరినీ బతకనివ్వకపోవడం, తాగుడు పెరగడం కనిపిస్తే మాత్రం మనస్తత్వ నిపుణుడి దగ్గరికి వెళ్లాల్సిందే. ఇవి మీకంటే కోడలికి బాగా తెలుస్తాయి, ఆమెను అడగండి.

సీమంతానికి వచ్చినప్పుడు ఇల్లంతా చుట్టాలు ఉండగా ఈ మాట ఎత్తకండి. సందడి తగ్గాక, వాడికి ఇష్టమైన చేపల పులుసు పెట్టి, ఇద్దరే కూర్చున్నప్పుడు అడగండి. మొదటి ప్రశ్న: ఎక్కడ నేర్చుకున్నావు, వంతెన మీదా, నేరుగా కొండ మీదా? అమెరికాలో ఐడహో రాష్ట్రంలో ట్విన్ ఫాల్స్ ఊరి దగ్గర స్నేక్ నది మీద 148 మీటర్ల ఎత్తున పెరీన్ వంతెన ఉంది. ఏడాది పొడవునా దూకవచ్చు, అనుమతి అక్కర్లేదు. పారాచూట్ ఏ దిక్కుకు తెరుచుకున్నా గుద్దుకునే గోడ ఉండదు కనుక కొత్తవాళ్లకు గురువులు అలాంటిచోట నేర్పిస్తారు. నేరుగా కొండకే వెళ్లాడంటే మెట్లు దాటేసి ఎక్కాడన్నమాట. ఆ మెట్లు ఇప్పుడు వెనక్కి వెళ్లి ఎక్కమనండి.

రెండో ప్రశ్నే అసలైనది: ఈ ఇరవైసార్లలో పైదాకా ఎక్కి, గాలి బాగాలేదని దూకకుండా దిగొచ్చింది ఎన్నిసార్లు? లోయలో ఎండ పెరిగేకొద్దీ గాలి పైకి ఎగదన్నుతుంది. దక్షిణం నుంచి ఫోయెన్ అనే వెచ్చని గాలి ఉన్నట్టుండి కొండల మీదుగా దిగి సుడులు పుట్టిస్తుంది. స్నేహితులు కెమెరాలు పట్టుకుని నిలబడి ఉండగా ‘ఈరోజు వద్దు’ అని సంచి భుజాన వేసుకుని నడిచి రాగలిగినవాడి మీద నమ్మకం పెట్టుకోవచ్చు. ‘ఒక్కసారీ దిగిరాలేదు’ అని గొప్పగా చెప్తే ఆ గొప్పే ప్రమాదమని అప్పటికప్పుడే చెప్పండి.

లోయకూ కట్టుబాట్లు ఉన్నాయి. అక్కడ హెలికాప్టర్ల స్థావరం ఉంది, దూకే ముందు ఫోన్ చేసి దారి ఖాళీగా ఉందో లేదో కనుక్కోవాలి. దిగేది రైతుల గడ్డి పొలాల్లో కనుక అందుకు రుసుము కట్టి కార్డు తీసుకోవాలి, కోయని గడ్డిలో దిగకూడదు. ఇవి పాటిస్తున్నాడో లేదో అడగండి. చిన్న కట్టుబాటును పాటించే అలవాటే పెద్దదాన్నీ పాటింపజేస్తుంది.

మీరు గట్టిగా అడగాల్సింది ఒక్కటి, రెక్కల సూట్ వద్దని. చేతులకూ కాళ్లకూ మధ్య బట్ట ఉండే వింగ్‌సూట్ అది. అమెరికా పారాచూట్ సంఘం నియమం ప్రకారం దాన్ని మొదటిసారి వేసుకోవాలంటేనే 200 స్కైడైవ్‌లు, అంటే విమానంలోంచి దూకుళ్లు, ఉండాలి, అదీ విమానంలోంచి దూకడానికి. కొండ మీద నుంచి దానితో ఎగరాలంటే రెండు విద్యల్లోనూ ఏళ్ల అనుభవం కావాలి. 20 దూకుళ్లు ఎందుకూ చాలవు. 2002 నుంచి 2011 వరకు నమోదైన 180 బేస్ జంప్ మరణాల్లో 39 వింగ్‌సూట్‌తో జరిగినవి. వాటిలో ఎక్కువ శాతానికి కారణం పారాచూట్ కాదు, దారి అంచనా తప్పి కొండనో నేలనో తాకడం. ఎన్నో ఏళ్ల అనుభవమున్న అమెరికా సాహసి డీన్ పాటర్ కూడా 2015 మే 16న అక్కడి యోసెమిటీ కొండల్లో వింగ్‌సూట్‌తోనే పోయాడు. ‘పాపో బాబో పుట్టి రెండేళ్లు నిండేదాకా ఆ సూట్ కొనకు నాయనా, ఈ ఒక్కటీ నా కోసం’ అనండి. జీవితాంతం మానేయమన్న మాట కంటే గడువున్న మాటను మనిషి నిలబెట్టుకుంటాడు.

కోడలు చూసుకోవాల్సిన పని ఒకటి ఉంది. స్విట్జర్లాండ్ ప్రమాద బీమా నిబంధనల్లో బేస్ జంప్‌ను పూర్తి సాహసంగా లెక్కగడతారు. చికిత్స ఖర్చు ఇస్తారు కానీ జీతం బదులు వచ్చే డబ్బు, అంగవైకల్య భృతి, కుటుంబానికి వచ్చే పింఛను సగానికి కోస్తారు, మరీ తీవ్రమైన సందర్భాల్లో అసలే ఇవ్వకపోవచ్చు. ఇక్కడ తీసుకున్న జీవిత బీమా ఉంటే అందులో ప్రమాదకర క్రీడల షరతు చదివించండి, దరఖాస్తులో ఈ సరదా దాచి ఉంటే రాతపూర్వకంగా తెలియజేయించండి. బిడ్డ రాకముందే ఈ కాగితాలు తేలాలి. భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఆ సగం డబ్బు లెక్క చూస్తే, మీరు చెప్పలేని మాట ఆ కాగితమే చెప్తుంది. ఏది మానాలో, ఎంతకాలం మానాలో చివరికి ఆ ఇద్దరి మధ్యే తేలనివ్వండి.

మానేదాకా ఒక పద్ధతి పెట్టుకోమనండి. ఎక్కే ముందు భార్యకు మెసేజ్: ఏ అంచు, ఎవరితో, ఎన్నింటికల్లా దిగుతాను. దిగాక ఇంకొకటి. చెప్పిన సమయం దాటి గంటైనా కబురు లేకపోతే జట్టులోని వాళ్లకు, వాళ్లూ పలకకపోతే 144కు, అది అక్కడి అంబులెన్స్ నంబరు. హెలికాప్టర్ సాయానికి 1414. ఈ మెసేజ్‌లు మీకు వద్దు. కావలిలో కూర్చుని ప్రతి శనివారం గడియారం చూస్తే మీ ఆరోగ్యం పాడవుతుంది. ఆదివారం సాయంత్రం ఒక్క ఫోన్ చాలు. ప్రమాదాల వీడియోలు వెతకడం ఇవాళే ఆపండి. ఒకటి చూస్తే ఫోన్ మరో పది చూపిస్తుంది.

మీ ఆయన సంగతి. ఆయనకు తెలియాలి, కానీ మీ నోటి నుంచి కాదు, ఎవరో పంపిన వీడియోలోంచి అసలే కాదు. సీమంతం అయ్యాక, మీ ఇద్దరి మాట ఒక కొలిక్కి వచ్చాక, పగటిపూట, మీరు పక్కన ఉండగా వాడే చెప్పాలి. ముందు ఏం మానుకున్నాడో చెప్పి, ఆ తర్వాత ఏం చేశాడో చెప్పమనండి. ఆయన రోజూ వేసుకునే మాత్రలు ఆ పూట వేసుకున్నారో లేదో చూసుకోండి. ఈలోగా డాక్టరును కలిసినప్పుడు ఇంట్లో ఇలాంటి కబురు చెప్పాల్సి ఉందని చెవిన వేయండి. ఎప్పుడు చెప్పవచ్చో ఆయనే చెప్తారు.