కింది వాటాలో స్నానాల గదికి 2.40 లక్షల అప్పు చేయాలా?

ప్రశ్న: తిరుపతి బైరాగిపట్టెడలో మాకు సొంతిల్లు ఉంది. స్థలం పల్లంగా ఉండటంతో కింది వాటా రోడ్డుకి నాలుగడుగులు దిగువన, సెల్లార్‌లా ఉంటుంది. అక్కడ లెట్రిన్, వాష్‌బేసిన్ మాత్రమే ఉన్నాయి. మా మామగారికి 74 ఏళ్లు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేకపోతున్నారు కాబట్టి ఆయనకు కిందే స్నానం ఏర్పాటు చేయాలనుకుంటున్నాం. షవర్ అయితే 1.35 లక్షలు, బాత్‌టబ్ అయితే 2.40 లక్షలు అవుతుందని మేస్త్రీ చెప్పాడు. టబ్ ఉంటే రేపు అద్దె ఎక్కువ వస్తుందని మా అబ్బాయి అంటున్నాడు. మావారి జీతం 52 వేలు, ఇంటి ఖర్చులు 35 వేలు, చీటీకి 10 వేలు పోతాయి. 7 శాతం వడ్డీకి 3 లక్షల ఎఫ్‌డీ ఉంది. 2 లక్షల చీటీ ఇంకా ఏడు నెలలుంది. 14 శాతానికి పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: వద్దమ్మా. ముందు టబ్ ఆలోచన మానేయండి. మీ పెద్దాయన మెట్లెక్కలేకే కదా కిందికి వస్తున్నారు. టబ్‌లోకి దిగాలంటే అడుగున్నర ఎత్తు అంచు మీదుగా కాలెత్తి తడి నేల మీద పెట్టాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషికి అంతకంటే ప్రమాదం ఏముంటుంది? రెండు బకెట్లతో, అంటే 40 లీటర్లతో అయ్యే స్నానానికి టబ్ 150 నుంచి 200 లీటర్లు తాగుతుంది. వేసవిలో ట్యాంకర్ తెప్పించుకునే ఇళ్లలో ఆ నీళ్లకూ లెక్క ఉంటుంది. ఇక అద్దె సంగతి. టబ్ వల్ల నెలకు వెయ్యి రూపాయలు పెరిగిందనుకున్నా, అదనంగా పెట్టే 1.05 లక్షలు తిరిగి రావడానికి దాదాపు తొమ్మిదేళ్లు పడుతుంది.

2.40 లక్షలు 14 శాతానికి మూడేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 8,200 కట్టాలి, వడ్డీకే 55 వేలు పోతాయి. చీటీ కట్టాక మీ చేతిలో మిగిలేది 7 వేలే. ప్రతి నెలా 1,200 లోటు పడుతుంది.

షవర్‌కి మాత్రం డబ్బు మీ దగ్గరే ఉంది. ఎఫ్‌డీని రద్దు చేయకండి, దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోండి, అంటే ఎఫ్‌డీని హామీగా పెట్టి కావలసినంత వాడుకునే అప్పు. మామూలుగా ఎఫ్‌డీ రేటు మీద 1 శాతం, కొన్ని బ్యాంకుల్లో 2 శాతం ఎక్కువ వేస్తారు. 8 శాతం అనుకుందాం. 1.35 లక్షలు వాడుకుని నెలకు 7 వేలు జమ చేస్తూ పోతే ఏడు నెలల్లో వడ్డీ 5,500 లోపే. అప్పటికి మిగిలే 91 వేలు చీటీ డబ్బుతో ఒక్కసారిగా తీర్చేయండి. ఈలోగా మీ ఎఫ్‌డీకి 7 శాతం వస్తూనే ఉంటుంది.

'చీటీ ఇప్పుడే ఎత్తేస్తే?' అని మీకు అనిపించవచ్చు. పోయిన నెల పాటలో ఎవరో 22 వేలు వదులుకుని ఎత్తారనుకోండి, ఇప్పుడు ఎత్తితే మీకూ దాదాపు అంతే పోతుంది. చివరి నెల దాకా ఆగితే చీటీ నడిపేవారి కమీషన్ మాత్రమే పోతుంది. 5 శాతమైతే 10 వేలు. చట్ట ప్రకారం 7 శాతం దాకా తీసుకోవచ్చు, అప్పుడు 14 వేలు. 5,500 వడ్డీ కట్టినా ఆగడమే లాభం. ఇప్పుడు ఎత్తితే జామీనుదారులను వెతుక్కునే పని కూడా ఉంటుంది.

ఒక జాగ్రత్త. ఓవర్‌డ్రాఫ్ట్ వాడినంత కాలం ఎఫ్‌డీలో అంత డబ్బు బ్యాంకు చేతిలో ఉన్నట్టే. మీ ఇంటికి ఆరు నెలల ఖర్చు 2.10 లక్షలు, ఈ ఏడు నెలలూ మీకు అందుబాటులో ఉండేది 1.65 లక్షలతో మొదలవుతుంది. ఆరోగ్య బీమా ఉంటే పర్వాలేదు. లేకపోతే మేస్త్రీని పిలవకముందే కుటుంబానికి అది తీసుకోండి.

నిజానికి నాకు ఎక్కువ భయం నీళ్ల గురించే. 2021 నవంబరు వానలకు తిరుపతిలో లోతట్టు ఇళ్లు, సెల్లార్లు ఎలా మునిగాయో మీరు చూసే ఉంటారు. రోడ్డు డ్రైనేజీ కంటే మీ గది నేల దిగువన ఉంటే వాడిన నీళ్లు తమంతట తాము పోవు, పంపు కావాలి. మేస్త్రీ చెప్పిన 1.35 లక్షల్లో ఆ పంపు ఉందా అని అడగండి. ఒక చిన్న పని చేయండి. ఒకరు బయట డ్రైనేజీ చాంబర్ మూత తీసి నిలబడాలి, మరొకరు లెట్రిన్‌లో వరసగా పది బకెట్లు పోయాలి. నీళ్లు గబగబా వెళ్తే వాలు బాగున్నట్టు. చాంబర్‌లో నిలిచినా, వెనక్కి వచ్చినా పంపూ వెనక్కి రానివ్వని వాల్వూ లేకుండా పని మొదలు పెట్టకండి. పైపు అడుగుకు పావంగుళం వాలు ఉండాలి, అంటే 12 అడుగులకు మూడంగుళాలు. అందుకోసం నేల ఎంత తవ్వాలో అంచనాలో విడిగా రాయించుకోండి. ఖర్చంతా అక్కడే ఉంటుంది, షవర్ తలకాయ వెయ్యి రూపాయలకే దొరుకుతుంది.

వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక, టైల్స్ వేయకముందే నాలుగంగుళాల నీళ్లు నిలిపి 24 గంటలు ఉంచమనండి. మట్టికి ఆనుకున్న గోడ మీద చెమ్మ కనిపిస్తే మళ్లీ చేయించాలి. అది పూర్తయ్యేదాకా బిల్లులో పది శాతం ఇవ్వకండి. రసీదులన్నీ ఒక కవర్లో పెట్టుకోండి, ఇల్లు అమ్మినప్పుడు లాభం మీద పన్ను లెక్కలో మెరుగుదల ఖర్చుగా చూపించుకోవచ్చు.

ఈ పనితోపాటే పెద్దాయన పట్టుకోవడానికి గోడకు రెండు స్టీలు కడ్డీలు, కూర్చుని స్నానం చేయడానికి ఒక స్టూలు, జారని టైల్స్ వేయించండి. టబ్‌కి అదనంగా పెట్టబోయిన 1.05 లక్షల్లో ఇవి చాలా చిన్న ముక్క.