పళ్లు బాగున్నా చిగుళ్ల నుంచి రక్తమెందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు, షుగరుంది. రోజూ వేపపుల్లతోనే తోముకుంటారు. ఒక్క పన్నూ పుచ్చలేదు. అయినా చిగుళ్ల నుంచి రక్తం, నోటి వాసన. మౌత్‌వాష్ వాడినా తగ్గలేదు. ఎందుకండీ?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: పైకి కనిపించే పన్ను వేరు, చిగురు కింద సంగతి వేరమ్మా. పన్నుకూ చిగురుకూ మధ్య సన్నని సందు ఉంటుంది. బాగున్న చిగురుకు దాని లోతు 1 నుంచి 3 మిల్లీమీటర్లు. పాచి పట్టి చిగురు వాస్తే అది లోతవుతుంది. అక్కడ ఆక్సిజన్ తక్కువ, లాలాజలం పెద్దగా చేరదు. గాలి గిట్టని క్రిములకు అంతకంటే ఏం కావాలి? పుచ్చు తెచ్చేవి మనం తినే చక్కెర మీద బతికితే, ఇవి వాచిన చిగురు నుంచి ఊరే ద్రవంలోని ప్రొటీన్లు తింటాయి. పార్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనేదానికి రక్తంలోని ఇనుమూ కావాలి. రక్తం కారేకొద్దీ దానికి పండగే! ప్రొటీన్లు విరిగినప్పుడు వెలువడే గంధకపు వాయువులే ఆ వాసన.

మౌత్‌వాష్ అంత లోతుకు దిగదు, వేపపుల్లా అంతే. నెల్లూరులో మా క్లినిక్‌కు వచ్చేవాళ్లకు గీతలున్న సన్నని కడ్డీ దించి చూస్తే, నిగనిగలాడే పన్ను పక్కనే 6 మిల్లీమీటర్లు చూపిస్తుంటుంది. వేపపుల్ల మానమనను, చిగురు మీద గట్టిగా రుద్దొద్దనండి. షుగరు అదుపు తప్పితే చిగురు ఇంకా పాడవుతుంది. చిగురు వాపు వల్ల షుగరూ ఓ పట్టాన తగ్గదు. అందుకే చిగురు కింది గార తీయించండి. తీయిస్తే పళ్లు కదులుతాయని మన వైపు పెద్దవాళ్లకు ఒకటే టెన్షన్. అది వట్టి అపోహ. వెళ్లేటప్పుడు షుగరు రిపోర్టు, వాడుతున్న మందుల చీటీ మరిచిపోకండి.