ఇంటరప్టులను కొలిచి చూసుకోండి, కోర్సు తర్వాత చూద్దాం

ప్రశ్న: ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఫ్రీఆర్‌టీఓఎస్ అనే ఆర్‌టీఓఎస్‌తో (రియల్‌టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో) ఒక ప్రాజెక్టు చేశాను. ఇంటర్వ్యూలో ఇంటరప్టుల గురించి అడిగితే తడబడ్డాను. మరో ఆర్‌టీఓఎస్‌లో సర్టిఫికెట్ కోర్సు చేయమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. టాస్కులు (ఆర్‌టీఓఎస్ వంతులవారీగా నడిపే పనులు) రాయడం వచ్చి, హార్డ్‌వేర్ పిలిచినప్పుడు, అంటే ఇంటరప్టు వచ్చినప్పుడు, ప్రాసెసర్‌లో ఏం జరుగుతుందో తెలియకపోతే, ఎన్ని ఆర్‌టీఓఎస్‌లు మార్చినా అదే ప్రశ్న దగ్గర ఆగిపోతారు.

మీ ప్రాజెక్టులో సీరియల్ పోర్టు ఉండే ఉంటుంది. 115200 బాడ్ రేటులో (అది పోర్టు వేగం) ప్రతి 87 మైక్రోసెకన్లకు ఒక బైటు వస్తుంది. బైటు వచ్చినప్పుడల్లా నడిచే ఇంటరప్టు హ్యాండ్లర్ ఫంక్షన్‌లోనే, డీబగ్గింగ్ కోసమని, అదే వేగంతో 20 అక్షరాలను ప్రింట్ చేయించారనుకోండి. అవి పూర్తిగా బయటికి వెళ్లేసరికి దాదాపు 1.7 మిల్లీసెకన్లు గడుస్తాయి, ఈలోగా వచ్చిన బైట్లలో చాలావరకు ఎవరూ చదవకుండానే పోతాయి. అందుకే హ్యాండ్లర్ బైటును తీసుకుని క్యూలో వేసి వెంటనే తప్పుకోవాలి, అసలు పని టాస్కు చేయాలి. క్యూలో వేసేటప్పుడు కూడా మామూలు ఫంక్షన్ కాకుండా, పేరు చివర 'ఫ్రమ్ ఐఎస్ఆర్' (ఐఎస్ఆర్ అంటే ఇంటరప్టు హ్యాండ్లరే) అని ఉండేదాన్నే వాడాలి, ఎందుకంటే హ్యాండ్లర్ ఎక్కడా ఆగి వేచి ఉండకూడదు.

అభ్యర్థులు ఎక్కువగా తడబడేది ప్రయారిటీల దగ్గర. ఆర్మ్ కార్టెక్స్-ఎం ప్రాసెసర్లలో అంకె తగ్గేకొద్దీ ఇంటరప్టు ప్రాధాన్యం పెరుగుతుంది. ఫ్రీఆర్‌టీఓఎస్ టాస్కులకు మాత్రం అంకె పెరిగేకొద్దీ పెరుగుతుంది. పైగా రీసెట్ తర్వాత ఇంటరప్టుల ప్రయారిటీ 0గా, అంటే అత్యున్నతంగా ఉంటుంది. కార్టెక్స్-ఎం3, ఎం4 వంటి వాటిలో దాన్ని మార్చకుండా హ్యాండ్లర్ నుంచి కెర్నల్ (ఆర్‌టీఓఎస్ మూల భాగం) ఫంక్షన్‌ను పిలిస్తే, కెర్నల్ తన డేటాను కాపాడుకోవడానికి వేసుకున్న అడ్డును ఆ ఇంటరప్టు దాటేస్తుంది. అప్పుడు ప్రోగ్రామ్ ఎప్పుడో ఒకసారి, కారణం అంతుపట్టకుండా కూలిపోతుంది. ఈ ఒక్క విషయం మీరు స్పష్టంగా వివరించగలిగితే ఇంటర్వ్యూ చేసేవారికి మీపై నమ్మకం కుదురుతుంది.

ఇక కొలత. హ్యాండ్లర్ మొదటి వాక్యంలో ఒక పిన్‌ను 'హై' స్థాయికి తీసుకెళ్లి, ఆ హ్యాండ్లర్ వల్ల మేల్కొన్న టాస్కులో 'లో' స్థాయికి తెచ్చి, ఆ పల్స్ వెడల్పును లాజిక్ ఎనలైజర్‌లో (పిన్ల సిగ్నళ్లను గీతలుగా చూపే పరికరంలో) చూడండి. తర్వాత హ్యాండ్లర్ చివర టాస్కు మార్పును కోరే వాక్యాన్ని తీసేసి మళ్లీ చూడండి: టిక్ (టాస్కు మార్చాలా అని ఆర్‌టీఓఎస్ చూసుకునే గడియారపు అడుగు) 1000 హెర్ట్జ్ అయితే, ఆ పల్స్ ఒక్కోసారి దాదాపు 1 మిల్లీసెకను దాకా సాగుతుంది. ఆ రెండు చిత్రాలనూ దాచుకుని, ఏది ఎందుకు అలా వచ్చిందో మీ మాటల్లో ఒక పేజీ రాసి, రెజ్యూమేలో ప్రాజెక్టు పేరు కింద ఆ అంకెలు చేర్చండి.