కొండ మీద ఇల్లు, సముద్రం పక్కన ఉద్యోగం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మా అబ్బాయి జపానులోని కోబే నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆఫీసు సముద్రం ఒడ్డున, అద్దె ఇల్లు కొండ మీద. రోజూ నాలుగు పెట్టెల చిన్న రైలులో దిగి, సాయంత్రం మళ్లీ అందులోనే ఎక్కుతాడట. ఊటీ రైలుకున్నట్టు పట్టాల నడుమ రంపం లాంటి పళ్ల పట్టీ కూడా లేదంటున్నాడు. అంత ఎత్తుకు మామూలు రైలు ఎలా ఎక్కుతుంది? రాయచోటికి వెళ్లే దారిలోని మన గువ్వలచెరువు ఘాట్‌లో అలాంటిది ఎందుకు వేయరు?
– ఒక పాఠకుడు, ఏడురోడ్ల కూడలి, కడప

సమాధానం: మీ అబ్బాయి ఎక్కేది కోబే ఎలక్ట్రిక్ రైల్వే అనే ప్రైవేటు కంపెనీ బండి అయి ఉండాలి, అక్కడి జనం దానిని క్లుప్తంగా షిన్‌తెత్సు అని పిలుస్తారు. కోబే నగరం ఒక పక్క సముద్రానికీ, మరో పక్క రొక్కో కొండలకూ మధ్య సన్నని పట్టీలాగా సాగి ఉంటుంది కనుక, జనం పెరిగిన కొద్దీ ఇళ్లు కొండల వెనక్కు వెళ్లక తప్పలేదు. ఆ ఇళ్లకూ నగరానికీ మధ్య నడిచే ఈ రైలు మినతోగవ స్టేషను నుంచి సుజురాన్‌దాయ్ వరకు ఏడున్నర కిలోమీటర్ల దూరంలోనే దాదాపు సముద్రమట్టం నుంచి 278 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. మార్గంలో చాలా భాగం వాలు ఇరవైకి ఒకటి, అంటే కిలోమీటరు నడిస్తే యాభై మీటర్లు పైకి. అక్కడి పెట్టె పొడవు సుమారు 18 మీటర్లు. ఆ వాలులో నిలబడిన పెట్టె ముందు కొస వెనుక కొసకంటే తొంభై సెంటీమీటర్లు ఎత్తులో ఉంటుందన్నమాట.

పోలికకు మన దేశంలోని వాలులు చూడండి. ఊటీ మార్గంలో కల్లార్, కూనూర్ల మధ్య పన్నెండుకు ఒకటి ఉన్నందువల్లనే పళ్ల పట్టీ అవసరమైంది. ముంబయి, పుణె మధ్య భోర్ ఘాట్‌లో ముప్పై ఏడుకు ఒకటి మాత్రమే, అయినా బండి వెనుక అదనపు ఇంజన్లు తగిలించి నెట్టిస్తారు. మాథెరాన్ చిన్న రైలుది కోబే రైలుతో సమానమైన వాలే, కాని అది విహారానికి వచ్చినవారిని తీరికగా మోసుకుపోయే సన్నపట్టాల బండి. ఉద్యోగులను వేళకు ఆఫీసుకు చేర్చే బండి ఇంత వాలులో నడవడం అరుదే.

ఎక్కడంలోని కిటుకు సులభంగానే అర్థమవుతుంది. ఇంజను ఉన్న మన మామూలు బండ్లలో లాగే బరువంతా ఇంజను చక్రాల మీదే పడుతుంది. వాలు పెరిగితే ఆ కొద్ది చక్రాలు పట్టాల మీద జారడం మొదలుపెడతాయి. కోబే బండిలో ఇంజను వేరుగా ఉండదు, మోటార్లు పెట్టెల కిందే ఉంటాయి, అందువల్ల పట్టాలను పట్టుకుని లాగే చక్రాలు చాలా ఎక్కువ.

అసలు కష్టం దిగడంలో ఉంది. మైళ్ల తరబడి వాలులో గాలి బ్రేకులను మాత్రమే నమ్ముకుంటే చక్రాలను ఒరిసే బ్రేకు దిమ్మెలు వేడెక్కి పట్టు సడలిపోతాయి. గువ్వలచెరువు ఘాట్ దిగే లారీ డ్రైవరు బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోకుండా బండిని గేరులో దించినట్టే, అక్కడ మోటార్లనే జనరేటర్లుగా తిప్పి వేగాన్ని ఆపుతారు; అలా పుట్టిన విద్యుత్తు నిరోధకాలలో వేడిగా ఖర్చయిపోతుంది, కొత్త బండ్లలోనైతే పై తీగకు తిరిగి వెళుతుంది. అంతటితో ఆగకుండా, గాలి బ్రేకు పూర్తిగా విఫలమైనా బండిని నిలబెట్టగల అత్యవసర విద్యుత్ బ్రేకును కూడా అమర్చుకున్నారు. ఆ కంపెనీ గురించి మెచ్చుకోవలసిన మొదటి విషయం నా దృష్టిలో ఇదే.

ఇక గువ్వలచెరువు సంగతి. కడప నుంచి బెంగళూరుకు వేయదలచిన మార్గం పెండ్లిమర్రి దాటి ముందుకు సాగాలని మీలాగే చాలామంది ఎదురుచూస్తున్నారు. కాని మన రైలుమార్గం మీద సరుకు బండ్లు కూడా నడవాలి, వేల టన్నుల సరుకును ఇరవైకి ఒకటి వాలులో ఎక్కించడం సాధ్యం కాదు. ప్రయాణికులకు మాత్రమే ఘాట్ రైలు వేయాలంటే, పొద్దున అందరూ ఒకే వేళకు దిగి, సాయంత్రం ఒకే వేళకు ఎక్కే జనం వేల సంఖ్యలో ఉండాలి. రాయచోటి, కడపల మధ్య తిరిగేవారు పనుల మీద, చదువుల మీద, సంతల మీద వేర్వేరు వేళల్లో తిరుగుతారు. వారికి బస్సే తగిన వాహనం. మధ్యలో కోవా కొనుక్కోవడానికి ఆగే వీలు కూడా అందులోనే ఉంది.

ప్రశ్న: ప్రైవేటు కంపెనీ కేవలం టికెట్ల డబ్బుతో కొండ రైలును నడపగలదా? ప్రభుత్వం ధరల మీద అదుపు పెట్టదా?
– కళాశాల అధ్యాపకురాలు, అనంతపురం

సమాధానం: రెండో ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. జపానులో టికెట్ ధరలకు గరిష్ఠ పరిమితిని ప్రభుత్వ మంత్రిత్వశాఖ ఆమోదిస్తుంది, ఆ పరిమితికి లోబడి కంపెనీ తన ధరలను నిర్ణయించుకుంటుంది. నెల, మూడు నెలలు, ఆరు నెలల సీజన్ టికెట్లుంటాయి; ఉద్యోగి ప్రయాణ ఖర్చును చాలావరకు యజమానే భరించడం అక్కడి ఆనవాయితీ. కొండ మీద ఇల్లు తీసుకోవడానికి జనం వెనుకాడకపోవడంలో ఈ ఆనవాయితీ పాత్ర తక్కువేమీ కాదు.

మొదటి ప్రశ్నకు జవాబు చరిత్రలో ఉంది. 1926లో కోబే అరిమా ఎలక్ట్రిక్ రైల్వేగా మొదలైన ఈ కంపెనీ 1928 నవంబరులో రైలు నడిపింది ఉద్యోగుల కోసం కాదు, అరిమా వేడినీటి బుగ్గలకు స్నానానికి వెళ్లేవారి కోసం. జపానులోని అతి పురాతనమైన స్నానతీర్థాలలో అరిమా ఒకటి. అక్కడికి పట్టాలు వేయాలనే ఆశతోనే అంతకుముందు పుట్టిన మరో కంపెనీ మినో అరిమా ఎలక్ట్రిక్ రైల్వే. 1910లో బండ్లు మొదలుపెట్టిన ఆ కంపెనీ పేరులో అరిమాను పెట్టుకుని కూడా అరిమాను ఎన్నడూ చేరలేదు. చేరకపోయినా, దాని సారథి కొబయాషి ఇచిజో పట్టాల పక్కన భూములు కొని, ఇళ్లు కట్టి, వాయిదాల మీద అమ్మి, ఆ ఇళ్లవారినే తన బండికి ప్రయాణికులుగా మార్చుకునే పద్ధతిని దేశానికి నేర్పాడు. ఆ కంపెనీయే తరువాత హాంక్యూ అయింది. కోబే కొండ రైలు ఇప్పుడు ఆ హాంక్యూ కూటమిలోనే ఉంది.

కొండ రైలు కూడా అదే దారి పట్టింది. చల్లని ఎత్తయిన నేల మీద ఉన్న ఒబు అనే స్టేషనుకు 1932లో సుజురాన్‌దాయ్ అనే అందమైన పూల పేరు పెట్టి, అక్కడ ఇళ్లను పెంచింది. యుద్ధం తరువాత, ముఖ్యంగా దేశం వేగంగా ఎదిగిన దశాబ్దాలలో, కొండల వెనుక కొత్త కాలనీలు వరుసగా వెలిశాయి. మికి పట్టణం వైపు బండ్లు నడిపే మరో రైలు కంపెనీ 1947లో ఇందులో కలిసిపోయింది. 1968లో బండ్లు నగరం నడిబొడ్డుకు దగ్గరగా షిన్‌కైచి భూగర్భ స్టేషను వరకు వచ్చాయి. అక్కడ ఒక చిక్కు మిగిలింది. ఈ కంపెనీ పట్టాల వెడల్పు 1067 మిల్లీమీటర్లు, అక్కడికి వచ్చే హాంక్యూ, హాన్‌షిన్ బండ్లది 1435. కాబట్టి అసలు కేంద్రమైన సన్నోమియాకు వెళ్లాలంటే బండి మారవలసిందే.

ఆ చిక్కే చివరకు కంపెనీ మీద భారమైంది. 1988లో రొక్కో కొండల గుండా ఏడు కిలోమీటర్లకు పైగా సొరంగం తవ్వి, తనిగామి స్టేషను నుంచి నేరుగా నగరం వైపు కొత్త మార్గం తెరిచారు. అది వేగమైనదే కాని, టికెట్ ధర ఎక్కువ. 2020లో కోబే నగరపాలక సంస్థ ఆ మార్గాన్ని తన మెట్రోలో కలుపుకుని, తనిగామి నుంచి సన్నోమియాకు 550 యెన్‌లున్న ధరను 280కి దించింది. కొండల వెనుక ఉన్నవారికి అది గొప్ప మేలే. కొండ చుట్టూ తిరిగి దిగే పాత బండికి మాత్రం పోటీ పెరిగింది. దీనికి తోడు ఒకనాడు చిన్న పిల్లలతో నిండిన కాలనీలు ఇప్పుడు వృద్ధులతో నిండాయి, మికి వైపు నుంచి సన్నోమియాకు నేరుగా బస్సులు నడుస్తున్నాయి, కార్లు పెరిగాయి. మికి మీదుగా వెళ్లే ఆవో మార్గంలో ప్రయాణికులు బాగా తగ్గడంతో దానిని నిలబెట్టడం గురించి స్థానిక నగరపాలక సంస్థలు కూడా ఆలోచించవలసి వచ్చింది.

కనుక టికెట్ల డబ్బుతోనే నడిచిందని చెప్పడం సగం నిజమే. ఇళ్లు అమ్ముడుపోయిన కాలంలో ఆ ఇళ్లవారు నడిపించారు. ఇళ్లు పాతబడిన తరువాత పెద్ద కూటమి అండ, అవసరమైన చోట ప్రభుత్వ ధనం వచ్చి చేరుతున్నాయి. ప్రైవేటు రైలంటే ప్రభుత్వానికి ఖర్చే ఉండదని మన దగ్గర వాదించేవారు ఈ రెండో సగాన్ని కూడా చెప్పాలి.

ప్రశ్న: త్వరలో జపాను వెళుతున్నాను. కోబేలో ఒక పూట ఖాళీ దొరికితే ఈ రైలును ఎక్కడ ఎక్కాలి?
– ఒక పాఠకుడు, కర్నూలు

సమాధానం: షిన్‌కైచిలో ఎక్కి, డ్రైవరు గది వెనుక అద్దం దగ్గర నిలబడండి, సుజురాన్‌దాయ్ వరకు వాలు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఉద్యోగుల రద్దీ తగ్గాక, ఉదయం పది తరువాత బయలుదేరడం మంచిది. బండి సాధారణంగా సాందా వైపు వెళ్లిపోతుంది కాబట్టి అరిమాగుచిలో దిగి, అరిమాకు వెళ్లే చిన్న బండిలోకి మారండి. అరిమాలో స్నానం చేసి తిరిగి వచ్చేటప్పుడు తనిగామిలో దిగి మెట్రో ఎక్కితే, సొరంగం గుండా కొద్ది నిమిషాల్లో సన్నోమియా వైపు చేరతారు.