నగర ట్రాఫిక్‌లో పరీక్షించని సిగ్నల్ సేవను నేను నమ్మను

వాహనాలకూ సిగ్నళ్లకూ మధ్య సమాచారం నడిపే సేవలను టెస్ట్ ట్రాక్ మీద, సిమ్యులేషన్‌లో పరీక్షిస్తే సరిపోదా, రద్దీ రోడ్ల మీదికి తేవడం ఎందుకు అని కొందరు అడిగారు. సరిపోదు. జర్మనీలోని హాంబర్గ్‌లో ఈ పని చేసినవాడిగా చెబుతున్నాను: ట్రాక్ మీద తేలేది రేడియో పనిచేస్తుందా లేదా అన్నది మాత్రమే. ఆ సేవ డ్రైవరుకు పనికొస్తుందా అన్నది నగరంలోనే తేలుతుంది.

హాంబర్గ్ నడిబొడ్డున సుమారు 9 కిలోమీటర్ల మేర మామూలు వీధులనే ఇలాంటి పరీక్షల కోసం సిద్ధం చేశారు. 2021 అక్టోబరులో తెలివైన రవాణా వ్యవస్థల (ఐటీఎస్) ప్రపంచ మహాసభ జరిగింది కూడా ఆ నగరంలోనే. ఆ దారిలోని సిగ్నళ్లు ఇప్పుడు ఏ లైటు వెలుగుతోందో, అది ఎప్పుడు మారవచ్చో 5.9 గిగాహెర్ట్జ్ రేడియో బ్యాండులో ప్రసారం చేస్తాయి. కారు ఆ సందేశాన్ని అందుకుని, కూడలికి ఉన్న దూరాన్ని లెక్కగట్టి, ఏ వేగంతో వెళితే ఆగకుండా పచ్చలైటు దొరుకుతుందో డ్రైవరుకు చూపిస్తుంది.

ఒక నవంబరు సాయంత్రం సన్నగా వాన పడుతోంది, అప్పటికే చీకటి పడింది. అనుభవం ఉన్న జర్మన్ డ్రైవరు కారు నడుపుతున్నారు, నేను ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పక్క సీట్లో ఉన్నాను. వేగపరిమితి 50 ఉన్న ఆ వీధిలో, పచ్చలైటుకు ఇంకా 9 సెకన్లు ఉందని, 38 కిలోమీటర్ల వేగంతో వెళ్లమని కారులోని తెర చెప్పింది. ఆయన దాన్ని నమ్మి వేగం తగ్గించారు. వెనకున్న ట్యాక్సీ డ్రైవరుకు మా తెర కనబడదు కాబట్టి, అతను విసుగుతో లైట్లు కొట్టడం మొదలుపెట్టాడు. ఇంతలో అడ్డవీధిలో వస్తున్న సిటీ బస్సు తనకు ముందుగా దారి ఇమ్మని సిగ్నల్‌ను కోరింది, సిగ్నల్ ఇచ్చింది. మా తెర మీద 4 చూపిస్తున్న అంకె ఒక్కసారిగా 19 అయింది. డ్రైవరు బ్రేకు గట్టిగా తొక్కారు, ట్యాక్సీ హారన్ మోగిస్తూ పక్క వరుసలోకి తప్పుకుంది. ఆ షిఫ్టు ముగిసేదాకా ఆయన మళ్లీ ఆ తెర వైపు చూడలేదు.

రాత్రి ఆ ప్రయాణంలో నమోదైన వివరాల (లాగ్) ఫైలు తెరిస్తే సందేశాలేవీ పోలేదు, ఆలస్యం హద్దుల్లోనే ఉంది, మారిన సమయం కూడా వెంటనే అందింది. ఒప్పందంలో రాసుకున్న కొలమానాల ప్రకారం ఆ పరీక్ష పాసైంది. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. మనిషి ఆ సేవను వదిలేసిన క్షణం ఏ కొలమానంలోనూ నమోదు కాలేదు.

నిజానికి సిగ్నల్ అబద్ధం చెప్పలేదు. లైటు మారడానికి అతి తొందరగా పట్టే సమయం, అతి ఆలస్యంగా పట్టే సమయం, ఎక్కువ అవకాశమున్న సమయం అని ఆ సందేశంలో మూడింటికీ చోటుంది. బస్సులను బట్టి, వాహనాల రాకను బట్టి మారే సిగ్నల్‌లో మొదటి రెండింటి మధ్య తేడా చాలా ఎక్కువగా ఉంటుంది. తెర మాత్రం మూడోదాన్ని ఒక్కటే తీసుకుని, అదే ఖాయమన్నట్టు చూపించింది. ఆ తేడా ఎక్కువగా ఉన్నప్పుడు అంకె చూపించకుండా ఉండటమే సరైన పని. సలహాలు తగ్గుతాయి, కానీ వచ్చిన సలహాను డ్రైవరు నమ్ముతాడు.

బస్సులను మళ్లించి, అతిథులను ఎక్కించుకుని, ఖాళీ రోడ్డు మీద చేసే ప్రదర్శనలకు విజయవంతమైన పరీక్షలని పేరు పెట్టడం నాకు అందుకే నచ్చదు. అక్కడ పరీక్షకు నిలబడాల్సిన బస్సునే పక్కకు తప్పించారు.

వాహనాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే హెచ్చరికల సంగతి వేరు. అమెరికాలోని యాన్ ఆర్బర్‌లో 2012లో మొదలైన పరీక్షకు సుమారు 2,800 వాహనాలలో పరికరాలు పెట్టారు, ఎందుకంటే రెండు వైపులా పరికరం ఉంటేనే ఆ హెచ్చరిక పుడుతుంది. పది వాహనాలకు ఒక్కదానిలోనే పరికరం ఉన్న ఊరిలో, ఎదురుపడే రెండింటిలోనూ అది ఉండే అవకాశం నూటికి ఒక్కటి. సిగ్నల్ సేవకు ఆ ఇబ్బంది లేదు, ఒక సిగ్నల్, ఒక కారు ఉంటే మొదలుపెట్టవచ్చు. కాబట్టి నగరాలు ముందుగా దీన్నే చేపట్టాలని నా అభిప్రాయం.

ఐఐటీ హైదరాబాద్ కంది ప్రాంగణంలో 2022లో ప్రారంభమైన, డ్రైవరు లేని వాహనాలను పరీక్షించే టిహాన్ పరీక్షాక్షేత్రం ఉండగా నగరం రోడ్లెందుకని మన ఇంజినీర్లు కూడా అడగవచ్చు. హాంబర్గ్‌లో బస్సు చేసిన పనిని హైదరాబాద్‌లో రద్దీవేళ ట్రాఫిక్ కానిస్టేబుల్ చేస్తాడు. ఒక వైపు వాహనాల బారు పెరగగానే ఆయన సిగ్నల్‌ను చేతితో నడుపుతాడు, ఆ తర్వాత లైటు ఎప్పుడు మారుతుందో ఏ లెక్కా చెప్పజాలదు. సిగ్నల్ చేతి నియంత్రణలో ఉందని తెలిపే గుర్తు ఆ సందేశ ప్రమాణంలో ఇప్పటికే ఉంది. ఆయన మీట నొక్కగానే ఆ గుర్తు కారుకు చేరుతోందా, తెర మీద అంకె ఆరిపోతోందా అన్నది ఆయన నిలబడిన కూడలిలో, ఆయన డ్యూటీలో ఉన్న వేళలోనే పరీక్షించాలి.